శాన్ ఫ్రాన్సిస్కో ఒరాకిల్ పార్క్‌లో బేస్‌బాల్ మ్యాచ్: ఒక రోజును సార్థకం చేసుకునే సమగ్ర మార్గదర్శి

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని 30 జట్లలో ఒక్కొక్కటి సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో సగం, అంటే 81, సొంత మైదానంలో జరుగుతాయి. మార్చి చివరి వారం నుంచి సెప్టెంబరు చివరి దాకా దాదాపు ప్రతిరోజూ ఏదో ఒక ఊళ్లో ఆట ఉంటుంది కాబట్టి, మన క్రికెట్ అభిమానులకు అలవాటైన టికెట్ల వేట ఇక్కడ సాధారణంగా అవసరం ఉండదు. చిక్కంతా ఆ రోజును ఎలా గడపాలన్న దాంట్లోనే ఉంది. బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆఫీసువాళ్లు తీసుకువెళ్లినప్పుడో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఊరు చూపించే సందర్భంలోనో ఒరాకిల్ పార్క్‌కు వస్తుంటాయి. బేస్‌బాల్‌లో రెండు జట్లూ వంతులవారీగా సాధారణంగా తొమ్మిదేసి సార్లు బ్యాటింగ్ చేస్తాయి, ఇద్దరి వంతులూ కలిపితే ఒక ఇన్నింగ్స్. వచ్చినవారిలో చాలామంది మూడో ఇన్నింగ్స్ నాటికి ‘ఏమీ జరగడం లేదే’ అనుకుంటారు, అయిదో ఇన్నింగ్స్ నాటికి చలికి ముడుచుకుపోతారు, ఏడో ఇన్నింగ్స్‌లో లేచి వెళ్లిపోతారు. ఈ మూడింటికీ కారణాలున్నాయి, మూడింటినీ ముందుగానే నివారించుకోవచ్చు. ఈ వ్యాసం రాయడంలో ఉద్దేశం అదే.

ఈ మైదానం 2000లో పసిఫిక్ బెల్ పార్క్ అనే పేరుతో మొదలైంది. ఆ తర్వాత ఎస్‌బీసీ పార్క్‌గా, ఏటీ అండ్ టీ పార్క్‌గా మారి, 2019 నుంచి ఒరాకిల్ పార్క్‌గా కొనసాగుతోంది. సుమారు 41 వేల మంది కూర్చోగలరు. శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ జట్టుకు ఇది సొంతగూడు. కుడివైపు గోడ దాటితే నేరుగా సముద్రపు నీరే ఉండడం దీని ప్రత్యేకత. ఇక్కడ చెప్పే పద్ధతులు చాలావరకు డాలస్‌లోనో, అట్లాంటాలోనో, న్యూయార్క్‌లోనో ఉన్నవారికి కూడా పనికొస్తాయి గానీ, వివరాలన్నీ ఈ ఒక్క మైదానానివే.

1. ఏ మ్యాచ్‌కు వెళ్లాలి?

మొదటిసారి వెళ్లేవారు పగటి మ్యాచ్‌నే ఎంచుకోవడం మంచిదని నా గట్టి నమ్మకం. పగటి మ్యాచ్‌లు ఒంటిగంట ప్రాంతంలో మొదలవుతాయి, రాత్రి మ్యాచ్‌లు ఏడింటికి కాస్త ముందు మొదలవుతాయి. పగలైతే ఎండ ఉంటుంది, బే బ్రిడ్జి, నీళ్లు, పడవలు స్పష్టంగా కనబడతాయి, పిల్లలకు నిద్రవేళ దాటిపోదు, తిరుగు రైలు గురించి బెంగ ఉండదు. శని, ఆదివారాల్లోనే కాక, బుధ, గురువారాల్లో కూడా అప్పుడప్పుడు పగటి మ్యాచ్ పెడతారు. అటువంటి రోజున ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టగలిగితే రద్దీ తక్కువగా, టికెట్ చవకగా ఉంటుంది.

టికెట్ ధర స్థిరంగా ఉండదు. ప్రత్యర్థి ఎవరు, ఏ వారం, గిరాకీ ఎంత అన్నదాన్ని బట్టి రోజురోజుకూ ధర మార్చే పద్ధతిని 2010లో మైదానం మొత్తానికీ అమలు చేసి, ఈ క్రీడలో దారి చూపింది జయంట్స్ క్లబ్బే. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వచ్చినప్పుడు ధరలు ఎగబాకుతాయి. ఈ రెండు జట్లూ న్యూయార్క్‌లో పక్కపక్క పేటల్లో పుట్టి, 1958లో కలిసికట్టుగా కాలిఫోర్నియాకు తరలివచ్చాయి. వాటి వైరం అంత పాతది. ఆ ఉద్వేగం చూసి తీరవలసిందే అయినా, ఆట ఇంకా ఒంటబట్టని వారికి వారం మధ్యలో, అంత పేరు లేని ప్రత్యర్థితో జరిగే మ్యాచ్‌లో ప్రశాంతంగా నేర్చుకునే వీలు ఎక్కువ.

ఇంకొక చిన్న మెళకువ ఉంది. మ్యాచ్‌ను మొదలుపెట్టే పిచర్ల (బంతి వేసేవారి) పేర్లను క్లబ్బులు రెండు మూడు రోజుల ముందే ప్రకటిస్తాయి. ఒక్కొక్క జట్టులో అయిదుగురు వంతులవారీగా ఈ బాధ్యత తీసుకుంటారు కాబట్టి, మంచి పిచర్ వంతు వచ్చిన రోజును చూసి టికెట్ కొంటే ఆట నాణ్యత పెరుగుతుంది. బొమ్మలు, టోపీలు పంచే రోజులు కూడా షెడ్యూల్‌లో గుర్తించి ఉంటాయి. తల ఊపే బొమ్మలు పంచే ఆనవాయితీ ఇంతగా వ్యాపించడానికి 1999లో జయంట్స్ పంచిన, తమ పాత మేటి ఆటగాడు విల్లీ మేస్ బొమ్మే నాంది. అయితే అవి ముందుగా వచ్చిన నిర్ణీత సంఖ్యలోని వారికే దక్కుతాయి. బొమ్మ కావాలంటే గేటు తెరిచే వేళకే వరుసలో ఉండాలి.

2. సీటు ఎంపిక

రోజు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే. క్రికెట్‌లో బౌండరీ దగ్గర కూర్చుంటే ఆటగాళ్లు దగ్గరగా కనబడతారని మనం సంతోషిస్తాం. బేస్‌బాల్‌లో ఆట సారమంతా పిచర్ కాలు పెట్టే పలకకూ, బ్యాటర్ పక్కన నిలబడే హోమ్ ప్లేట్‌కూ మధ్యనున్న 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉంటుంది. అందుకని దగ్గరతనం కంటే కోణం ముఖ్యం. కింది అంతస్తులో ఔట్‌ఫీల్డ్ మూలన దొరికే సీటు కంటే, పై అంతస్తులో హోమ్ ప్లేట్ వెనుక, 315వ సెక్షన్ చుట్టుపక్కల దొరికే సీటు నా దృష్టిలో ఎన్నో రెట్లు మేలు. అక్కడి నుంచి బంతి లోపలికి వచ్చిందో బయటికి పోయిందో తెలుస్తుంది, ఫీల్డర్లు ప్రతి బ్యాటర్‌కూ ఎలా సర్దుకుంటున్నారో పటం గీసినట్టు కనబడుతుంది, వాటి వెనక బే అంతా పరుచుకుని ఉంటుంది. ధర కూడా కింది అంతస్తులోని మంచి సీట్ల కంటే బాగా తక్కువ.

ఎండ, గాలి సంగతి కూడా ఆలోచించాలి. ఈ మైదానంలో హోమ్ ప్లేట్ నుంచి సెంటర్ ఫీల్డ్ తూర్పు దిక్కుగా ఉంటుంది. అందువల్ల మధ్యాహ్నం గడిచే కొద్దీ సూర్యుడు హోమ్ ప్లేట్ వెనకవైపుకు దిగుతాడు. ఔట్‌ఫీల్డ్‌లోని బ్లీచర్లలో (కప్పు లేని బెంచీ వరుసల్లో) కూర్చున్నవారికి ఎండ సూటిగా ముఖాన కొడుతుంది, హోమ్ ప్లేట్ వెనుక స్టాండ్లలో పై వరుసలకు ముందుగా నీడ వస్తుంది. వేసవిలోనైనా ఈ ఊళ్లో నీడ అంటే చలి అని గుర్తుంచుకోవాలి. చంటిపిల్లలతోనో పెద్దవారితోనో వెళ్తే, పగటి మ్యాచ్‌కు కాస్త ఎండ తగిలే సీటే సుఖం.

కుడివైపు గోడ మీదుగా ఉండే ఆర్కేడ్ సీట్లకు వేరే ఆకర్షణ ఉంది. ఒకవైపు మైదానం, వెనక్కి తిరిగితే మెకోవీ కోవ్ అనే నీటిపాయలో చిన్న పడవలు వేసుకుని బంతి కోసం కాచుకుని ఉండే జనం కనబడతారు. ఆ గోడ ఎత్తు 24 అడుగులు, విల్లీ మేస్ జెర్సీ సంఖ్యకు గౌరవంగా అంత ఎత్తు పెట్టారు. రెండోసారో మూడోసారో వెళ్లినప్పుడు అక్కడ కూర్చోవచ్చు.

3. ఇంటి నుంచి బయలుదేరే ముందు

సన్నీవేల్‌లోనో ఫ్రీమాంట్‌లోనో మధ్యాహ్నం ఉక్కపోతగా ఉంటే, శాన్ ఫ్రాన్సిస్కోలో కూడా అలాగే ఉంటుందనుకోవడం సహజం. జూలైలో కూడా ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతుంది, పైగా నీటి మీది గాలి. రాత్రి మ్యాచ్ అయితే ఒక్కొక్కరికీ మందపాటి జాకెట్, కుటుంబానికి ఒక దుప్పటి, పెద్దవారికి చెవులు కప్పే టోపీ తప్పనిసరి. పగటి మ్యాచ్ అయినా లోపల పలుచటి చొక్కా, మీద స్వెటర్, ఆ పైన గాలిని ఆపే జాకెట్ అన్నట్టు పొరలుగా వేసుకుంటే ఎండకు తీసేయవచ్చు, గాలికి వేసుకోవచ్చు. పగటి ఎండకు సన్‌స్క్రీన్ మరవకండి. గాలి చల్లగా ఉండడం వల్ల చర్మం మాడుతున్న సంగతి సాయంత్రం దాకా తెలియదు.

టికెట్ ఫోన్‌లోని బాల్‌పార్క్ యాప్‌లో ఉంటుంది. కుటుంబంలో వేర్వేరుగా వచ్చేవారుంటే వారి టికెట్లు ముందురోజే వారికి యాప్ ద్వారా పంపేయండి, గేటు దగ్గర సిగ్నల్ కోసం వెతుక్కునే అవస్థ తప్పుతుంది. లోపల కొనుగోళ్లకు కార్డు గానీ ఫోన్ గానీ సిద్ధంగా ఉంచుకోండి. సంచి కొలతల మీద నియమాలు సీజన్ సీజన్‌కూ మారుతుంటాయి కాబట్టి, బయలుదేరే ముందు క్లబ్బు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకుని, వీలైనంత చిన్న మెత్తటి సంచితో వెళ్లడం క్షేమం.

చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది. ఈ మైదానంలోకి ఇంటి నుంచి తెచ్చుకున్న తిండిని, మూత తీయని ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లను అనుమతిస్తారు. గాజు సీసాలు, డబ్బాలు, మద్యం మాత్రం కూడదు. నలుగురికి పులిహోర పొట్లాలు కట్టుకుని వెళ్తే, వేడి చేయనక్కర్లేదు, చెంచా లేకపోయినా ఇబ్బంది లేదు, లోపలి ధరల గురించి ఆలోచించనక్కర్లేదు. చట్నీ, సాంబారు లాంటి ఒలికే పదార్థాలు ఇరుకు వరుసల్లో ఇబ్బంది పెడతాయి. వాటిని ఇంట్లోనే ఉంచండి.

4. ప్రయాణం

కారు వద్దు. దక్షిణ బే నుంచి వచ్చేవారికి క్యాల్‌ట్రెయిన్ కంటే మంచి మార్గం లేదు. శాన్ హోజే, సన్నీవేల్, మౌంటెన్ వ్యూలలో ఎక్కితే ఆఖరి స్టేషన్ ఫోర్త్ అండ్ కింగ్, అక్కడి నుంచి మైదానానికి కొద్ది నిమిషాల నడక. 2024 సెప్టెంబరు నుంచి ఈ మార్గంలో విద్యుత్ రైళ్లు నడుస్తున్నాయి. ప్రయాణం మునుపటి కంటే వేగంగా, నిశ్శబ్దంగా సాగుతుంది. ఫ్రీమాంట్, డబ్లిన్ వైపు నుంచి వచ్చేవారు బార్ట్ రైల్లో ఎంబార్కడేరో స్టేషన్ దాకా వచ్చి, అక్కడ ఎన్ జూడా ట్రామ్ ఎక్కవచ్చు. ఆరోగ్యం సహకరిస్తే నీటి ఒడ్డు వెంట నడిచి రావడమే మేలు, మైలు పైచిలుకు దూరం, దారంతా బే బ్రిడ్జి నీడలో చక్కగా ఉంటుంది. క్లిప్పర్ అనే ప్రయాణ కార్డులో రానుపోను సరిపడా డబ్బు ముందే వేసుకోండి.

5. ఆటకు ముందు రెండు గంటలు

గేట్లు సాధారణంగా మ్యాచ్‌కు గంటన్నర నుంచి రెండు గంటల ముందు తెరుస్తారు. తెరవగానే లోపలికి వెళ్లాలి. ఈ సమయాన్ని వదులుకున్నవారు టికెట్ విలువలో సగం వదులుకున్నట్టే.

ముందుగా థర్డ్ స్ట్రీట్, కింగ్ స్ట్రీట్ కలిసే చోట ఉన్న విల్లీ మేస్ విగ్రహం దగ్గర ఆగండి. దాని చుట్టూ 24 తాటిజాతి చెట్లు నాటారు. 2024 జూన్ 18న ఆయన కన్నుమూసినప్పుడు అభిమానులు పూలు తెచ్చి పెట్టింది ఈ విగ్రహం పాదాల దగ్గరే. అక్కడి నుంచి నీటి వైపుకు తిరిగి, కుడి గోడ వెనుక నడకదారి వెంట వెళ్తే, ఇటుక కమానుల మధ్య ఇనుప జాలీలోంచి మైదానం కనబడుతుంది. టికెట్ లేనివారు కూడా అక్కడ నిలబడి మ్యాచ్ ఉచితంగా చూడవచ్చు. వెనక జనం ఎదురుచూస్తుంటే మూడు ఇన్నింగ్స్ తర్వాత చోటు ఇవ్వాలన్నది అక్కడి మర్యాద. ఒక వృత్తి జట్టు తన గోడకు తానే కిటికీ పెట్టి దారినపోయేవారికి ఆట చూపించడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

లోపలికి వెళ్లాక నేరుగా సీటుకు పోకుండా ఔట్‌ఫీల్డ్ వైపు నడవండి. గేట్లు తెరిచేసరికి సొంత జట్టు బ్యాటింగ్ సాధన తరచుగా ముగిసిపోయి, ప్రత్యర్థి జట్టు సాధన సాగుతుంటుంది. బ్లీచర్లలో పడే బంతి మీదే. ముందురోజు రాత్రి మ్యాచ్ ఆడి ఉంటే, మరునాటి పగటి మ్యాచ్‌కు ముందు ఈ సాధన ఉండకపోవచ్చు. 2020లో ఇక్కడ బుల్‌పెన్‌లను (పిచర్లు సన్నాహం చేసుకునే చోట్లను) సెంటర్ ఫీల్డ్ గోడ వెనక్కి మార్చారు. మ్యాచ్‌కు ఇరవై నిమిషాల ముందు అక్కడికి చేరితే, మొదటి పిచర్ చేయి సడలించుకుంటూ వేసే బంతులను కొద్ది అడుగుల దూరం నుంచి చూడవచ్చు. బ్యాటర్ వెనుక బంతి అందుకునే క్యాచర్ గ్లవ్‌లో అది పడే చప్పుడు విన్న తర్వాతనే, గంటకు 95 మైళ్ల వేగానికి ఎదురుగా నిలబడి దాదాపు 0.4 సెకన్లలో నిర్ణయం తీసుకోవడమంటే ఏమిటో మనసుకు ఎక్కుతుంది. టీవీలో ఇది ఏనాటికీ తెలియదు.

పిల్లలుంటే ఎడమ ఔట్‌ఫీల్డ్ వెనకనున్న పెద్ద కోకాకోలా సీసా, దాని పక్కన నాలుగు వేళ్ల పాతకాలపు గ్లవ్ నమూనా దగ్గర ఈ సమయంలోనే తిప్పుకు రావాలి. ఆట మొదలయ్యాక అక్కడ రద్దీ. అతిథుల సేవా కేంద్రంలో ‘మొదటి మ్యాచ్’ ధ్రువపత్రం ఇస్తారేమో అడగండి. చాలా క్లబ్బులు ఉచితంగా ఇస్తాయి, పెద్దలు కూడా తీసుకోవచ్చు.

6. ఆటను ఎలా చూడాలి?

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే, ఇదే చదవమంటాను.

క్రికెట్ చూసి పెరిగిన కళ్లకు బేస్‌బాల్‌లో మొదట కనిపించేది లోటు. బ్యాటర్ పదిసార్లు ప్రయత్నించి మూడుసార్లు హిట్ కొడితే అతన్ని మేటి అంటారు. ఒక జట్టు తొమ్మిది ఇన్నింగ్స్ ఆడి నాలుగైదు పరుగులు చేస్తుంది. పరుగుల కోసం కాచుకుని కూర్చుంటే విసుగు తప్పదు. చూడవలసింది కౌంట్‌ను, అంటే బాల్స్, స్ట్రైక్‌ల లెక్కను. కొట్టగలిగే పరిధి బయట పడి, బ్యాటర్ వదిలేసిన బంతి ‘బాల్’. ఆ పరిధిలో పడినదీ, అతను బ్యాట్ ఊపి తప్పినదీ ‘స్ట్రైక్’. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ మొదటి బేస్‌కు (పరుగు కోసం చుట్టి రావలసిన మజిలీల్లో మొదటిదానికి) నడుచుకుంటూ పోతాడు, మూడు స్ట్రైక్‌లు పడితే ఔట్ అవుతాడు. స్కోరుబోర్డు మీద బాల్స్ ముందు, స్ట్రైక్‌లు తర్వాత రాస్తారు. 0-2 అని ఉంటే పిచర్‌ది పైచేయి. అతను ఇక మంచి బంతి వేయవలసిన అవసరం లేదు, బ్యాటర్‌కు ఆశపెట్టి చివరి క్షణంలో కిందికి జారిపోయే బంతి వేస్తాడు. 3-1 అని ఉంటే బ్యాటర్‌ది పైచేయి. ఇంకొక బాల్ పడితే ఉచితంగా బేస్ ఇవ్వవలసి వస్తుంది కాబట్టి పిచర్ సూటి బంతి వేయక తప్పదని బ్యాటర్‌కు తెలుసు, బ్యాటర్‌కు తెలుసని పిచర్‌కు తెలుసు. రెండు స్ట్రైక్‌ల తర్వాత ఫౌల్ (పక్క గీతల బయటికి) కొట్టిన బంతికి, బంట్ (బ్యాట్ ఊపకుండా మెల్లగా తాకించే) ప్రయత్నమైతే తప్ప, మూడో స్ట్రైక్ పడదు. అందుకే 3-2 దగ్గర ఒక బ్యాటర్ ఫౌల్ మీద ఫౌల్ కొడుతూ నిలబడితే, చుట్టుపక్కల పాత అభిమానులు మాటలు ఆపి ముందుకు వంగుతారు. స్కోరుబోర్డులో ఒక్క అంకె కూడా మారకుండానే ఆట ఉత్కంఠ అంచుకు చేరిందని వారికి అర్థమవుతుంది.

రెండో పని, ఒక్కొక్క ఇన్నింగ్స్‌కు ఒక్కొక్క మనిషిని ఎంచుకుని అతన్నే చూడడం. షార్ట్‌స్టాప్‌తో (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్‌తో) మొదలుపెట్టండి. మొదటి బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు అతను గ్లవ్‌ను నోటికి అడ్డం పెట్టుకుని రెండో బేస్‌మన్ వైపు చూస్తాడు. రన్నర్ రెండో బేస్‌ను దొంగిలించడానికి (బ్యాటర్ కొట్టకముందే చేరుకోవడానికి) పరుగెత్తితే ఆ బేస్‌ను ఎవరు కాయాలన్నది నోరు తెరవడం, మూయడం ద్వారా ఒకరికొకరు చెప్పుకుంటారు, బ్యాటింగ్ జట్టుకు కనబడకుండా గ్లవ్ అడ్డం. ఆ తర్వాత బంతి బ్యాటర్‌ను చేరే క్షణానికి సరిగ్గా ఒక చిన్న గెంతు గెంతి కాళ్ల మీద తూగుతాడు. ప్రతి బంతికీ ఇదే. నేల మీద దొర్లుతూ వచ్చిన బంతిని అతను అందుకుని రెండో బేస్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు విసిరితే ఒకే దెబ్బకు ఇద్దరు ఔట్ అయ్యే ‘డబుల్ ప్లే’ ఎందుకంత సాఫీగా కనబడుతుందో అప్పుడు తెలుస్తుంది.

మూడో పని, స్కోరు రాయడం. మొదటిసారి చూసేవారికి దీన్ని మించిన సాధనం లేదు. ఫీల్డర్లకు అంకెలుంటాయి: పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ ఔట్‌ఫీల్డ్ 7, సెంటర్ 8, కుడి 9. పైన చెప్పిన డబుల్ ప్లేను 6-4-3 అని రాస్తారు. స్ట్రైకౌట్‌కు ఇంగ్లీషు అక్షరమాలలోని ‘కే’ రాస్తారు, బ్యాటర్ బ్యాట్ ఊపకుండానే ఔటైతే ఆ అక్షరాన్నే తిరగేసి రాస్తారు. ఈ లెక్కల సంప్రదాయానికి పునాది వేసిన హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లాండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు వచ్చిన విలేఖరి. క్రికెట్ స్కోరుబుక్కు తెలిసిన మనకు ఇది అందుకే అంత కొత్తగా అనిపించదు. ఒక అట్టకు బిగించిన కాగితం, పెన్సిల్ చాలు. పదేళ్ల పిల్లల చేతికి ఇచ్చి చూడండి, ఫోన్ అడగడం మానేస్తారు.

2023 నుంచి పిచ్ క్లాక్ వచ్చింది. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే ఇప్పుడు 18 సెకన్ల లోపు పిచర్ బంతి వేయడం మొదలుపెట్టాలి. అంతకుముందు మూడు గంటలు దాటే మ్యాచ్ ఆ మార్పుతో సగటున రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. కాబట్టి, తిండికో, బాత్రూమ్‌కో వెళ్తే ఒక ఇన్నింగ్స్ పోతుందని లెక్క వేసుకోండి. అంపైర్ స్ట్రైక్ నిర్ణయాన్ని సవాలు చేసే విధానాన్ని 2026 సీజన్ నుంచి ఆమోదించారు. బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఎవరైనా తల మీద చేత్తో తడితే అది సవాలు. డీఆర్‌ఎస్ అలవాటున్న మనవాళ్లకు ఈ ఘట్టంలో ఎవరూ వివరించనక్కర్లేదు.

7. లోపలి తిండి

ఈ మైదానానికి వెల్లుల్లి ఫ్రైస్ ప్రసిద్ధి. గిల్‌రాయ్ ప్రాంతం వెల్లుల్లి పంటకు పేరుపడ్డది, సన్నగా తరిగిన పచ్చి వెల్లుల్లి వేడి ఫ్రైస్ మీద వేసి ఇచ్చే వాసన మొదటి అంతస్తంతా కమ్ముకుని ఉంటుంది. మాంసాహారులు పుల్లటి సావర్‌డో రొట్టె మధ్య పెట్టి కాల్చే పీత మాంసం శాండ్‌విచ్ తప్పక రుచి చూడాలి, దానికి వరుస పొడుగ్గా ఉంటుంది గనుక ఆటకు ముందే వెళ్లాలి. చలి మొదలయ్యాక గిరార్డెల్లీ వేడి చాక్లెట్ తాగితే ప్రాణం లేచొస్తుంది. హాట్‌డాగ్‌లు చాలావరకు గొడ్డు మాంసంతో చేసినవే ఉంటాయి. తినని వారు కౌంటర్ దగ్గర అడిగి తీసుకోండి. సెంటర్ ఫీల్డ్ వెనుక 2014లో ఏర్పాటు చేసిన కూరగాయల తోట శాకాహారులు ఒకసారి చూసి రావలసిన చోటు.

8. ఫౌల్ బంతులు, మర్యాదలు

స్టాండ్లలోకి వచ్చిన బంతి పట్టుకున్నవారిదే. ఈ హక్కు ఊరికే రాలేదు. 1921లో న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో, ఇప్పటి జయంట్స్ న్యూయార్క్‌లో ఉన్నప్పుడు, రూబెన్ బెర్మన్ అనే ప్రేక్షకుడు పట్టుకున్న బంతిని తిరిగి ఇవ్వకుండా జనంలోకి విసిరాడు. క్లబ్బు అతన్ని బయటికి పంపింది. అతను కోర్టుకెక్కి 100 డాలర్ల పరిహారం గెలిచాడు. ఆ తర్వాత బంతి వెనక్కి ఇమ్మని అడిగే అలవాటు పోయింది. పట్టుకున్న బంతిని పక్కనున్న పసివారికి ఇవ్వడం ఇప్పటి మంచి సంప్రదాయం.

అయితే బంతి గట్టిది, వేగంగా వస్తుంది. కింది అంతస్తులో చాలావరకు రక్షణ వల ఉంటుంది, వల లేని చోట పసిపిల్లలను ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూడడం ప్రమాదం. బ్యాటర్ సిద్ధమైనప్పుడు కళ్లు ఆట మీదే ఉండాలి. ఆటలో ఉన్న బంతి కోసం గోడ మీదుగా మైదానంలోకి చేయి చాచకూడదు, అలా చేస్తే బయటికి పంపుతారు. వరుసలోకి వెళ్లడం, బయటికి రావడం ఒక బ్యాటర్ వంతు ముగిశాకనే చేయాలి. జాతీయగీతం వేళ లేచి నిలబడి టోపీ తీయాలి.

9. ఏడో ఇన్నింగ్స్ నుంచి ఇంటి దాకా

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో మైదానమంతా లేచి ఒళ్లు విరుచుకుంటూ నూరేళ్లు దాటిన పాట ఒకటి కలిసి పాడుతుంది. అమ్మానాన్నలను తీసుకువెళ్తే వారికి బాగా నచ్చే ఘట్టం ఇదే కావచ్చు. పాట రాకపోయినా లేచి నిలబడండి. ఈ వేళకే సీగల్ అనే సముద్రపు పక్షులు గుంపులుగా పైన తిరగడం మొదలుపెడతాయి. స్టాండ్లలో మిగిలిన తిండి వాటి లక్ష్యం గనుక పొట్లాలు మూసి ఉంచండి. జయంట్స్ హోమ్ రన్ (సిక్సర్ లాంటి దెబ్బ) కొడితే, పొగమంచులో ఓడలు మోగించే లాంటి హారన్ మోగుతుంది. ఆ బంతి నేరుగా నీళ్లలో పడితే కుడి గోడ మీది లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కలో 35 జయంట్స్ పాత ఆటగాడు బ్యారీ బాండ్స్ ఒక్కడివే.

సీట్లు ఖాళీ అవుతుంటే, ఉద్యోగులను అడిగి కిందికి రావచ్చు. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, వారి మాట మన్నించాలి. చివరి మూడు ఇన్నింగ్స్‌లో ప్రతి పిచర్ మార్పుకూ అర్థం ఉంటుంది కాబట్టి, వదిలి వెళ్లకండి. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి సగం ముగిసేసరికి జయంట్స్ ముందంజలో ఉంటే మ్యాచ్ అక్కడితో అయిపోతుంది. సమానంగా ఉంటే అదనపు ఇన్నింగ్స్ మొదలవుతుంది, రెండో బేస్ మీద ఒక రన్నర్‌తో మొదలుపెట్టే నియమం వల్ల అది సాధారణంగా త్వరగానే తేలిపోతుంది. రాత్రి మ్యాచ్‌కు వచ్చినవారు చివరి రైలు వేళ ముందే చూసుకుని, అది అందేలా లేవాలి.

పగటి మ్యాచ్ అయితే గేటు దగ్గర తొక్కిసలాటలో చేరవద్దు. లెఫ్టీ ఓడూల్ వంతెన దాటి కోవ్ అవతలి ఒడ్డుకు వెళ్తే, ఆ కోవ్‌కు పేరిచ్చిన జయంట్స్ ఆటగాడు విల్లీ మెకోవీ విగ్రహం ఉంటుంది, అక్కడ అరగంట గడిపేసరికి జనం పలుచబడతారు. పిల్లలకు కాళ్లు నొప్పులుంటే నేరుగా ఫోర్త్ అండ్ కింగ్ స్టేషన్‌కు నడిచి, ముందు రైలు కిక్కిరిసి ఉంటే తర్వాతి దాని కోసం ఆగండి. ఎక్కే ముందు ఒకసారి, మీ స్టేషన్‌లో దిగాక మరొకసారి క్లిప్పర్ కార్డు ట్యాగ్ చేయాలి. దిగినప్పుడు మరచిపోతే గరిష్ఠ ఛార్జీ పడుతుంది.